నీళ్ళు ముట్టని పెద్దమనిషి

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడటం కూడా ఒక విద్యే. పానా పట్టుకోవడం ఎవరైనా నేర్చుకుంటారు గానీ, మాట పట్టుకోవడం అందరికీ రాదు. లోపలున్నవాళ్ళు తలుపులు బాదుతారు, దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తారు, కొందరికైతే ఉన్నట్టుండి పెళ్ళాం మీద ప్రేమ పుట్టుకొస్తుంది. అలాంటప్పుడు లిఫ్టు మేస్త్రి తలుపు సందులో నోరు పెట్టి, కొత్తగా బళ్ళో చేరిన పిల్లకి చెప్పినట్టు చెప్పేవాడు: "తలుపు లాగకండి. గాలొస్తుంది. నేనిక్కడే ఉన్నా." అంతే. బాదుడు ఆగిపోయేది.

అంతటి మనిషి ఒకరోజు పొద్దున్నే, టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని, అద్దాల పెట్టెలో ఇరుక్కుపోయాడు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. మేస్త్రి పనిచేసే భవనం ప్రభుత్వానిది. లోపల ఏం చేస్తారో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. రహస్యం పనులు, అంతే. రహస్యం పనులు చేసేవాళ్ళయినా మేడ ఎక్కాలి కదా, అందుకని లిఫ్టులున్నాయి. లిఫ్టులన్నాక మొరాయిస్తాయి కదా, అందుకని వాటిని చూసుకునే పని ఒక ప్రైవేటు కంపెనీకిచ్చారు. కంపెనీకి కాంట్రాక్టు వచ్చినంత మాత్రాన మేస్త్రి లోపలికి పోవడానికి లేదు. 'ఈ మనిషి వల్ల ఏ ప్రమాదమూ లేదు' అని ప్రభుత్వం ఆరా తీసి, నమ్మి, సెక్యూరిటీ క్లియరెన్సు ఇవ్వాలి. మేస్త్రికి అది ఎప్పుడో వచ్చింది. కాకపోతే కొన్నేళ్ళకోసారి మళ్ళీ మొదటినుంచీ ఆరా తీస్తారు. మనుషులు మారతారని వాళ్ళ అనుమానం.

భవనంలోకి పోవాలంటే వరసగా రెండు అద్దాల తలుపులు. కంపెనీ కార్డు చూపిస్తే మొదటిది తెరుచుకుంటుంది, మనిషి లోపలికి రాగానే వెనక మూసుకుంటుంది. క్లియరెన్సు సరిగ్గా ఉంటేనే రెండోది తెరుచుకుంటుంది. ఆ రోజు రెండోది తెరుచుకోలేదు. ఎర్రదీపం వెలిగింది. వెనక్కి పోదామంటే మొదటిది కూడా లోపలివైపునుంచి క్లియరెన్సే అడిగింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు చూడండి, ఇక్కడ నుయ్యీ గొయ్యీ రెండూ అద్దాలే. అటూ ఇటూ పోయేవాళ్ళు ఆయన్ని తొట్టిలో చేపని చూసినట్టు చూసి పోతున్నారు.

గేటు దగ్గర కాపలా ఉండే బాబాయి పగలబడి నవ్వాడు. "ఏం మేస్త్రీ! రోజూ నువ్వు జనాన్ని బయటికి లాగుతావు, ఇవాళ నిన్నెవరు లాగుతారోయ్?"

"నవ్వింది చాల్లే, తలుపు తియ్యి. పైన మూడో లిఫ్టు గురక పెడుతోంది."

బాబాయి నవ్వుతూనే బల్ల మీది తెర చూశాడు. నవ్వు సగంలో ఆగింది. తలెత్తి, "మీరు కాస్త ఆగండి" అన్నాడు.

ఎన్నో ఏళ్ళుగా 'ఒరేయ్', 'నువ్వు' తప్ప ఎరగని బాబాయి నోట 'మీరు' వినేసరికి మేస్త్రి టిఫిను డబ్బా రెండు చేతులా పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

*

ఆయన్ని పెట్టెలోంచి బయటికి తీసి, గేటు పక్కన ఉన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలు లేత ఆకుపచ్చ, బెంచీలు నేలకి బిగించినవి, కిటికీ ఉంది గానీ దానికి ఎదురుగా ఇంకో గోడ. ఒక అధికారి వచ్చి, క్లియరెన్సు ఆపి ఉంచారనీ, కారణం చెప్పడానికి వీల్లేదనీ, ఈ సంగతి ఇంట్లో కూడా మాట్లాడకూడదనీ, పిలిచినప్పుడు దొరికేలా పనివేళల్లో ఇక్కడే ఉండాలనీ చెప్పి, ఎంతో మర్యాదగా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కంపెనీ ఓనరు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏం చేశావయ్యా?"

"లిఫ్టులు చేశానండీ. ఇంకేం చేస్తాను?"

"మరెందుకు ఆపారు?"

"మీకు చెప్పలేదాండీ?"

"నాకెందుకు చెబుతారు? చెప్పకపోవడమే వాళ్ళ ఉద్యోగం."

"పోనీ నన్ను ఇంకో భవనానికి పంపండి. ఆ ఆస్పత్రి లిఫ్టులున్నాయి కదా."

"పంపలేను. ఈ భవనానికని నీ పేరు రాసిచ్చాం. ఇప్పుడు తీసేస్తే, 'ఎందుకు తీశారు, ఇతని గురించి మీకేం తెలుసు' అంటారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే మనమే భుజాలు తడుముకున్నట్టవుతుంది."

"అయితే నేనే మానేస్తానండీ."

"మానెయ్, ఇంకా బాగుంటుంది! ఆరా నడుస్తుంటే జారుకున్నాడని ముద్ర పడుతుంది. ఆ మరకతో ఏ కంపెనీ గుమ్మం ఎక్కుతావు? రేపు వీళ్ళు కుదరదన్నా అదే గతి. ఊళ్ళో పెద్ద భవనాలన్నీ ఇలాంటివే."

"మరి నేనేం చెయ్యాలండీ?"

ఓనరు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "కూర్చో" అన్నాడు.

కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. అడకత్తెరలో పోకచెక్కకైనా తెగిపోతే ఒక దారి దొరుకుతుంది. ఈయనకి ఆ అదృష్టం కూడా లేదు.

ఆ గదిలో ఇంకొక శాశ్వత నివాసి ఉంది, ప్రింటర్లు బాగుచేసే కంపెనీ అమ్మాయి. కొత్తగా క్లియరెన్సు కోసం వచ్చింది. వచ్చినప్పుడు స్వెట్టరు వేసుకునేది, ఇప్పుడు విసనకర్ర తెచ్చుకుంటోంది. వచ్చినవాళ్ళకి ఏ బెంచీ కిర్రుమంటుందో, ఏ కుళాయి చుక్కలు కారుస్తుందో ఇంటి యజమానిలా చూపిస్తుంది.

"భయపడకండి మేస్త్రిగారూ, మొదట్లో అందరూ గడియారం చూస్తారు. తర్వాత గడియారమే మనల్ని చూస్తుంది" అంది.

"నువ్వేం చేశావమ్మా?"

"మా అన్నయ్య ఎవరినో కలిశాడట. ఎవరినో మా అన్నయ్యకీ తెలీదు. వాడు పాలపొడి అమ్ముతాడు, రోజూ ఊరందరినీ కలుస్తాడు!"

పైన మూడో లిఫ్టు గురక గోడల్లోంచి మేస్త్రికి వినిపిస్తూనే ఉంది. రోజురోజుకీ పెరుగుతోంది. తాడు మీద చక్రం ఎక్కడో ఒరుసుకుంటోందని ఇక్కడ కూర్చునే చెప్పగలడు. కానీ ఎవరికి చెబుతాడు? చెబితే, లోపలి సంగతులు నీకెలా తెలుసంటారు.

*

సాయంత్రం ఇంటికెళితే అక్కడ ఇంకో ఇరుకు. ఇంట్లో చెప్పకూడదన్నారు కదా, చెప్పలేదు. పొద్దున్నే డబ్బా పట్టుకుని బయల్దేరడం, సాయంత్రం వచ్చి, ఏ మరకా లేని చేతుల్ని సబ్బు పెట్టి రుద్దుకోవడం. ఆడవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా?

"ఈమధ్య మీ చొక్కాలకి గ్రీజు అంటడం లేదేంటండీ?" అంది భార్య, చొక్కా వెలుతురులో పెట్టి చూస్తూ.

ఆయన నోరు తెరిచేలోపలే అత్తగారు అందుకుంది. "ఇంకా గ్రీజు పూసుకుంటారటే! పెద్ద హోదా ఇచ్చి ఉంటారు. అల్లుడుగారు చెప్పుకోరు, ఆయన తత్వం నీకు తెలీదా?"

ఈ అత్తగారి గురించి ఒక మాట. ఆవిడకి మాట్లాడటం ఊపిరి. భర్త పోయాక కూతురింటికొచ్చిన మొదటి వారంలోనే ఆ మేడలో ఎవరింట్లో ఏ కుండకి చిల్లుందో కనుక్కుంది. కింద ఇస్త్రీ దుకాణం వాడు ఆవిడకి తమ్ముడయ్యాడు, ఎదురింటి నర్సు చెల్లెలైంది. మెట్లు దిగితే చాలు, తిరిగెక్కడానికి పూట పడుతుంది. ఆవిడలో ఇంకో గుణం ఏమిటంటే, తనవాళ్ళ గురించి చెప్పేటప్పుడు గోరంత ఉంటే కొండంత చెయ్యడం. అబద్ధమాడుతున్నానని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నదానికి ఇస్త్రీ చేస్తున్నాననుకునేది.

ఈమధ్య ఆవిడకి ఒకటే ధ్యాస. మనవరాలి చదువు పూర్తయింది. ఒకరోజు ఇంట్లో తనొక్కతే ఉన్నప్పుడు పెద్దమనిషొకాయన వచ్చి కుటుంబం గురించి వివరాలడిగి వెళ్ళాడట. పెళ్ళి సంబంధం వాకబు కాక ఇంకేమిటి? అప్పటినుంచీ కుర్చీలకి కొత్త గలీబులు, అద్దాల బీరువాలోంచి మంచి కప్పులు బయటికి.

"ఇంకా కబురు రాలేదేంటో" అని ఆ రోజు కూడా నిట్టూర్చింది. "ఎంత మర్యాదస్తుడనుకున్నారు! మంచినీళ్ళిస్తే కూడా ముట్టలేదు. పిల్లని ఖాయం చేసుకోకుండా ఆ ఇంట నీళ్ళు తాగడమేమిటని పట్టింపు కాబోలు. పెద్దింటివాళ్ళు."

మేస్త్రి ఊకొట్టాడు. ఆయన బుర్రలో మూడో లిఫ్టు గురక పెడుతోంది.

*

ఆ వారమే గదిలో ప్రింటర్లమ్మాయి కబుర్లు చెబుతూ, "మీ ఇంటికి ఆరా తీసే ఆయన వచ్చాడా?" అంది.

"నాకు తెలిసి రాలేదే."

"రాకుండా ఎలా ఉంటాడు? ఎందుకొచ్చాడో చెప్పడు. పెళ్ళికి చుట్టాలొచ్చినట్టు చుట్టూ చుట్టూ అడుగుతాడు. ఎవరెవరు వస్తారు, బయటి దేశాల్లో ఎవరైనా ఉన్నారా, మనిషి నోరు ఎలాంటిది అని. మా అమ్మ కాఫీ పెడితే వద్దన్నాడు. మంచినీళ్ళైనా తీసుకోమంటే అదీ వద్దన్నాడు. పాపం, ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకోకూడదని వాళ్ళకి రూలట."

మేస్త్రి చేతిలో టిఫిను డబ్బా మూత జారి, గది అంతా దొర్లుకుంటూ పోయి తలుపు దగ్గర ఆగింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులైనా విప్పకుండా, "అత్తయ్యగారూ, ఆ పెద్దమనిషి ఏమడిగాడు? మీరేం చెప్పారు?" అన్నాడు.

అల్లుడు నోరు తెరిచి అడగడమే పండగ ఆవిడకి. చీర సర్దుకుని కూర్చుంది. "చుట్టాలెవరన్నాడు. ఊరుకుంటానా? మీ మేనమామగారు విదేశాల్లో పెద్ద వ్యాపారమని చెప్పాను."

"మా మామయ్యా? ఆయన గొడుగులు బాగుచేస్తాడు కదత్తయ్యా!"

"ఒకప్పుడు ఓడ ఎక్కాడుగా."

"ఓడలో గిన్నెలు తోమాడు. ఒక్కసారి!"

"తోమాడని చెప్పుకుంటామా ఏమిటి? వచ్చినప్పుడల్లా పెట్టెలు పెట్టెలు సామాను తెచ్చిస్తాడన్నాను. మీ అల్లుడుగారికి పైవాళ్ళతో పరిచయాలున్నాయా అన్నాడు. పరిచయాలేమిటండీ, ఆ భవనంలో పెద్దపెద్ద ఆఫీసర్లు మా అల్లుడి మాట జవదాటరు, ఆయన ఊ అంటేనే పైకెక్కేది, ఊ అంటేనే కిందికి దిగేది అన్నాను. అందులో అబద్ధమేముంది?"

"ఇంకా?" అన్నాడు మేస్త్రి.

"ఇంట్లో ఎలా ఉంటాడన్నాడు. బంగారమండీ, అత్తగారినని కాదు, కన్నతల్లిలా చూస్తాడు, ఆ భవనంలో ఏం జరిగినా ఇంటికొచ్చి నాకు చెప్పందే ముద్ద ముట్టడు అన్నాను."

మేస్త్రి ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు. కొత్త గలీబుల కుర్చీలు మూడు ఆయన చుట్టూ ఖాళీగా చూస్తున్నాయి.

చెప్పకూడదన్నది ఆ పూట చెప్పేశాడు. అద్దాల పెట్టె, ఆకుపచ్చ గది, ఓనరు, మరక, అన్నీ. భార్య చొక్కా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. అత్తగారు మాత్రం పక్క కుర్చీ గలీబు కొస సర్దింది. తర్వాత చిన్నగా, "అయితే అది సంబంధం కాదా?" అంది.

"అమ్మా! సంబంధం సంగతి తర్వాత. నువ్వెళ్ళి అదంతా ఉత్తదేనని చెప్పాలి" అంది కూతురు.

"నేనా? పరాయి మగవాడి ముందు నిలబడి, నేను చెప్పినవన్నీ కోతలు అని చెప్పనా? నా మాటకి ఈ మేడలో ఎంత విలువుందో నీకు తెలుసా?" అని లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు ఆవిడ బదులు మాట్లాడాయి.

మేస్త్రి బతిమాలలేదు. అత్తగారిని బతిమాలితే బింకం, బలవంతపెడితే బెంగ. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పొద్దున్నే డబ్బా పట్టుకుని గదికి పోయాడు. అలా కొన్నాళ్ళు పోయాడు. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. కుర్చీల గలీబులు ఎవరు తీశారో తీసేశారు.

ఒక పొద్దున్న ఆయన చెప్పులేసుకుంటుంటే, అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, సంచీ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పదండి" అంది, గోడకేసి చూస్తూ.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ పాఠం వల్లెవేయడం మొదలుపెట్టింది. మెల్లగా మాట్లాడటం ఆవిడకి పుట్టుకతోనే రాదు.

"మేనమామ గొడుగులు బాగుచేస్తాడు. ఓడ ఒక్కసారే ఎక్కాడు, అదీ గిన్నెలకి. పెట్టెలూ లేవు, సామానూ లేదు. ఒకసారి తువ్వాలు తెచ్చాడు, అది ఉతకంగానే రంగు పోయింది. ఆఫీసర్లెవరికీ మా అల్లుడి పేరు తెలీదు. ఎదురుపడ్డా పలకరించరు. అంతేగా అల్లుడుగారూ?"

"అంతేనత్తయ్యగారూ."

ముందు సీట్లో ఆయన చెవి ఇటు తిప్పాడు.

"మా అల్లుడికి స్నేహితులు లేరు. ఎక్కడికీ వెళ్ళడు. ఇంటికొచ్చి నోరు విప్పడు. అడిగినా ఊ అంటాడు, ఉహు అంటాడు. ఆస్తి లేదు. హోదా లేదు. గ్రీజు పూసుకునే మామూలు మనిషి. ఆయన వల్ల ఎవరికీ మంచీ లేదు, చెడూ లేదు." ఆగి, వేళ్ళు మడిచి చూసుకుని, "ఇంకేమైనా మర్చిపోయానా?" అంది.

మేస్త్రి కిటికీలోంచి చూస్తూ, "లేదత్తయ్యగారూ. మొత్తం వచ్చేసింది" అన్నాడు.

తన గురించి ఎవరైనా అంత వివరంగా మాట్లాడటం ఆయన అదే మొదటిసారి వినడం. ఆవిడ చెప్పిన కోతలు విన్నప్పుడు భయపడ్డాడు. ఈ నిజాలు వింటుంటే ఎందుకో దిగాల్సిన స్టాపు ఇంకా రాకపోతే బాగుండుననిపించింది.

గేటు దగ్గర బాబాయి ఆవిడకి ఒకపూట కార్డు ఇచ్చాడు. బయటివాళ్ళు ఆ కార్డుతో మొదటి తలుపు దాటి పెట్టెలోకి పోతే, లోపలున్న గుమాస్తా మొహం సరిచూసి రెండో తలుపు మీట నొక్కుతాడు. ఆవిడ పెట్టెలోకి వెళ్ళింది. వెనక తలుపు మూసుకుంది. సరిగ్గా అప్పుడే ఆ గుమాస్తాని ఎవరో లోపలికి పిలిచారు.

కాసేపు నిలబడింది. ముందు తలుపు తట్టింది. వెనక్కి తిరిగి ఈ తలుపు తట్టింది. తర్వాత రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ మాట్లాడుతుంటే ఎవరికీ వినిపించలేదు.

"బాబాయ్, తలుపు తియ్యి!"

"నా చేతిలో లేదు మేస్త్రీ, నీకు తెలుసుగా. గుమాస్తా రావాలి."

మేస్త్రి పరిగెత్తి, అద్దంలో మాట కోసం పెట్టిన చిన్న చిల్లుల దగ్గర నోరు పెట్టాడు. "అత్తయ్యా. తలుపు లాగకండి. గాలొస్తుంది. పైన చూడండి, ఆ జాలీలోంచి వస్తోంది. నేనిక్కడే ఉన్నా."

ఆవిడ పైకి చూసింది. చేతులు వదిలేసింది. నెమ్మదిగా కిందికి జారి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆ చిల్లుల దగ్గర చెవి ఆనించి కూర్చుంది. ఆయన కూడా ఇవతల గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా అద్దం.

"ఇన్నాళ్ళూ రోజూ ఇక్కడేనా నాయనా నువ్వు?" అంది. పెళ్ళైన నాటినుంచీ 'అల్లుడుగారూ, మీరూ' తప్ప ఆవిడ నోట ఇంకో పిలుపు రాలేదు.

"ఇందులో కాదత్తయ్యా. ఇది ఒకపూటే. తర్వాత ఆ పక్కగది."

"అందులో గాలొస్తుందా?"

ఆయన పక్కగది తలుపు వైపు చూశాడు. ఈలోగా లోపలి తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చేసరికి ఆవిడ మొహం కడిగిన పలకలా ఉంది. "ఏమన్నారత్తయ్యా? చెప్పేశారా?" అంటే, తల అడ్డంగా ఊపి, "లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పకూడదట. సంతకం పెట్టించుకున్నారు" అంది. మరి మాట్లాడలేదు. బస్సులో కూడా.

*

క్లియరెన్సు వచ్చింది. ఎందుకాపారో చెప్పనట్టే ఎందుకిచ్చారో కూడా చెప్పలేదు. ఆ పొద్దున్న రెండో తలుపు మామూలుగా తెరుచుకుంది. "ఒరేయ్, బతికిపోయావురా!" అన్నాడు బాబాయి. ప్రింటర్లమ్మాయి పక్కగది గుమ్మంలోంచి విసనకర్ర ఊపింది. మేస్త్రి లోపలికి అడుగుపెట్టాడు. వెనక తలుపు మూసుకున్న చప్పుడు ఇదివరకెప్పుడూ వినలేదు, ఆ రోజు విన్నాడు. మూడో లిఫ్టు చక్రం అరిగి పళ్ళెంలా అయిపోయింది.

ఒక షరతు మాత్రం పెట్టారు. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా, కొత్త చుట్టరికం ఏది కలిసినా ముందు తెలియజేయాలి. గద్దించలేదు, పక్కన కూర్చోబెట్టి ఎంతో మర్యాదగానే చెప్పారు.

ఆ షరతు అత్తగారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎవరికీ ఏమీ చెప్పకూడదనే తన సంతకానికి అర్థమనుకుంది ఆవిడ. మెట్లు దిగడం మానేసింది. ఇస్త్రీ తమ్ముడు "అక్కా, ఒంట్లో బాలేదా?" అంటే, లోపలికి చూసి, కూతురు తల ఊపాక, "బాగానే ఉంది" అనేది. నర్సు చెల్లెలు "ఇవాళ ఏం కూర?" అంటే, "తెలీదమ్మా" అని తలుపేసుకునేది. వాగకండి అని ఎన్నోసార్లు మనసులో అనుకున్న మేస్త్రికి ఇప్పుడు ఆ ఇంట్లో గడియారం చప్పుడు భరించలేనంతగా వినిపిస్తోంది.

ఒక సాయంత్రం ఆయన పనినుంచి వస్తుంటే, మెట్ల మీద ఒక పెద్దాయన, భార్య కాబోలు ఒకావిడ, దిగుతూ ఎదురయ్యారు. మంచి బట్టలు కట్టుకున్నారు. ఆవిడ చేతిలో పళ్ళ సంచీ.

"ఏమండీ, పైన మూడో అంతస్తులో ఉండేవాళ్ళని మీరెరుగుదురా?" అన్నాడాయన. "పిల్ల బాగా చదువుకుందని విని, మా అబ్బాయి కోసం మాట్లాడదామని వచ్చాం. పెద్దావిడెవరో గొలుసు తియ్యకుండా సందులోంచే, 'మాకేం తెలీదు, ఈ ఇంట్లో ఎవరూ లేరు' అని తలుపేసేసింది."

"మంచినీళ్ళయినా ఇస్తారేమోననుకున్నాం" అని నవ్వింది ఆవిడ. "గొంతు ఎండిపోయింది."

మేస్త్రి నోరు తెరిచాడు. నేనే ఆ పిల్ల తండ్రినని చెప్పాలి. మళ్ళీ పైకి రండి అనాలి. వస్తే, మీరేం చేస్తారని అడుగుతారు. ఎక్కడ అని అడుగుతారు. లోపల ఏముంటుంది అని నవ్వుతూ అడుగుతారు. వీళ్ళ పేర్లు రేపు పొద్దున్నే ఆ అధికారికి చెప్పాలి. అప్పుడు వీళ్ళింటికో పెద్దమనిషి వెళ్తాడు.

"ఒక్కరోజు ఆగి వస్తారా?" అన్నాడు చివరికి. "ముందు నేను... వాళ్ళకి చెప్పి ఉంచుతాను."

"చూద్దాం లెండి" అన్నాడాయన, దారినపోయేవాడితో మర్యాదకి అనేసినట్టు. కింద వీధి తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.

మేస్త్రి మిగతా మెట్లెక్కి తలుపు తట్టాడు.

"ఎవరు?" లోపలినుంచి.

"నేనే అత్తయ్యా."

"నేనే అంటే?"

ఆయన సందు దగ్గరికి వంగాడు. గొలుసు అవతల ఒక కన్ను, గొలుసుని వదలని వేళ్ళు కనిపించాయి. గట్టిగా ఏమైనా అంటే ఆ తలుపు మళ్ళీ మూసుకుపోతుందని ఆయనకి తెలుసు. ఇలాంటి తలుపులు ఎన్ని చూడలేదు? మెట్టు మీద కూర్చుని, డబ్బా పక్కన పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"తొందరేం లేదత్తయ్యా. నేనిక్కడే ఉన్నా."